ఐటీపీ: ముందే చెప్పలేనప్పుడు గడువైనా చెప్పండి

ఒంటి మీద సన్నటి ఎర్రచుక్కలు వస్తాయి. ఎక్కడా తగలకుండానే చర్మం కమిలి నల్లబడుతుంది. పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తుంది. సీబీపీ అనే రక్తపరీక్ష చేయిస్తే ప్లేట్‌లెట్లు 8,000 అని ఉంటుంది. హిమోగ్లోబిన్, తెల్లకణాలు మామూలుగానే ఉంటాయి. డెంగ్యూ నెగటివ్. ఇంకో రెండు మూడు పరీక్షలయ్యాక డాక్టర్ ‘ఐటీపీ’ (ఇమ్యూన్ థ్రాంబోసైటోపీనియా) అంటారు. మన రోగనిరోధక వ్యవస్థే మన ప్లేట్‌లెట్లను పరాయివనుకొని నాశనం చేస్తోందని, కొత్తవి తయారు కాకుండా కూడా అడ్డుపడుతోందని చెప్తారు. అది విన్నాక ఏ ఇంట్లోనైనా పుట్టే ప్రశ్నలు రెండే. ఎన్నాళ్లకు తగ్గుతుంది? ఏ మందుకు తగ్గుతుంది?

నేను డాక్టర్‌ని కాను. ఖమ్మంలో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్తాను. చాలా ఏళ్లుగా ఐటీపీతో బతుకుతున్నాను. చదువు చెప్పేదాన్నిగా, రోగినిగా నాకు గట్టిపడిన అభిప్రాయం ఒకటుంది. ఈ జబ్బు ఎవరిలో ఎటు పోతుందో, ఎవరికి ఏ మందు పనిచేస్తుందో ముందుగా చెప్పడం వైద్యానికి ఇంకా పూర్తిగా చేతకాలేదు. అందులో ఎవరి తప్పూ లేదు. కానీ చెప్పలేమన్న సంగతిని రోగి దగ్గర దాచడం తప్పు. మందు మొదలుపెట్టేటప్పుడు ‘ఫలానా తేదీకి కౌంట్ ఇంతకు రాకపోతే దీన్ని ఆపేద్దాం’ అని గడువు పెట్టకపోవడం అంతకంటే పెద్ద తప్పు.

మన రెండు రాష్ట్రాల్లో ప్లేట్‌లెట్ అనే మాట ఇంటింటికీ తెలిసింది డెంగ్యూ వల్ల. వానాకాలం వచ్చిందంటే ‘కౌంట్ ఎంత?’ అన్న మాట ప్రతి వీధిలో వినిపిస్తుంది. డెంగ్యూకి ఒక క్యాలెండర్ ఉంది. జ్వరం మొదలైన మూడు నాలుగు రోజులకు కౌంట్ పడటం మొదలవుతుంది, వారం దాటేసరికి చాలామందిలో దానంతట అదే పెరుగుతుంది. ఆ పేరు బొప్పాయి ఆకు రసానికో, కివీ పండుకో, మేకపాలకో దక్కుతుంది. ఈ అనుభవం మొత్తాన్ని మనవాళ్లు ఐటీపీ మీదకు తెచ్చిపెడతారు. ‘ఇరవై వేల కంటే తగ్గింది, ప్లేట్‌లెట్లు ఎక్కించరేం?’ అని ఆస్పత్రిలో గొడవపడతారు. ఐటీపీలో బయటి నుంచి ఎక్కించిన ప్లేట్‌లెట్లను కూడా ఒళ్లు గంటల్లోనే నాశనం చేస్తుంది. అందుకే ప్రాణం మీదకు వచ్చే రక్తస్రావమో, వాయిదా వేయలేని ఆపరేషనో ఉంటే తప్ప వాటి జోలికి వెళ్లరు.

డెంగ్యూకి ఉన్న క్యాలెండర్ ఐటీపీకి లేదు. 2009లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఈ జబ్బును ఎలా విభజించిందో చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. మొదటి మూడు నెలలు ‘కొత్తగా గుర్తించినది’, మూడు నుంచి పన్నెండు నెలల దాకా ‘కొనసాగుతున్నది’, ఏడాది దాటితే ‘దీర్ఘకాలికం’. రక్తంలో ఏదో కొలిచి ఇది దీర్ఘకాలికమని తేల్చే పరీక్ష ఇందులో లేదు. కాలం గడిచాక వెనక్కి తిరిగి చూసి పేరు పెట్టడమే. మొదటి రోజు డాక్టర్ ముందు కూర్చున్న రోగికి తాను ఈ మూడింటిలో ఏ గుంపులోకి వెళ్లబోతోందో తెలియదు, డాక్టర్‌కీ తెలియదు.

పిల్లల విషయంలో మాత్రం చెప్పగలిగింది చాలా ఉంది. నాకు ఈ జబ్బుందని తెలిసినవాళ్లు, బంధువుల పిల్లలకు కౌంట్ పడిపోతే నా నంబర్ ఇస్తుంటారు. అలా తెనాలి నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. నాలుగేళ్ల బాబు. జలుబు, జ్వరం తగ్గిన కొన్నాళ్లకు రాత్రికి రాత్రే కాళ్ల నిండా చుక్కలు. కౌంట్ 4,000.

“అక్కా, నాలుగు వేలంట. వాడేమో మంచం మీద నుంచి దూకుతున్నాడు. నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదు” అంది. డాక్టర్ ఏమన్నారని అడిగాను. “మందేమీ వద్దు, చూద్దాం అంటున్నారక్కా. ఏమీ ఇవ్వకుండా చూడటమేంటి? హైదరాబాద్ తీసుకెళ్లిపోదామా?”

ఆ డాక్టర్ చేస్తున్నది సరైన పని. ఐటీపీ వచ్చిన పిల్లల్లో సుమారు ఐదుగురిలో నలుగురికి ఏడాదిలోపు తగ్గిపోతుంది, చాలామందికి మొదటి కొన్ని నెలల్లోనే. అందరూ భయపడే మెదడు రక్తస్రావం నూటికి ఒకరికంటే తక్కువ మందిలోనే వస్తుంది. ఉత్తర ఐరోపాలోని నార్డిక్ దేశాల పిల్లల డాక్టర్లు తమ రోగుల వివరాలన్నీ ఒకచోట చేర్చి, ఎవరికి త్వరగా తగ్గుతుందో చెప్పే స్కోరు ఒకటి తయారు చేశారు. జబ్బు హఠాత్తుగా మొదలవడం, వయసు పదేళ్లలోపు ఉండటం, అంతకుముందు ఏదో ఇన్ఫెక్షన్ వచ్చి ఉండటం, కౌంట్ 5,000 కంటే తక్కువ ఉండటం, నోట్లోనో ముక్కులోనో రక్తం కనిపించడం, మగపిల్లాడు కావడం. వీటిలో ఎన్ని కలిస్తే త్వరగా తగ్గే అవకాశం అంత పెరుగుతుంది. అన్నిటికంటే ఎక్కువ మార్కులు హఠాత్తుగా మొదలవడానికే. 2014లో నెదర్లాండ్స్ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసినప్పుడూ ఇలాంటి చిత్రమే వచ్చింది. ఆడపిల్లలు, పదకొండేళ్లు నిండినవాళ్లు, లక్షణాలు మెల్లమెల్లగా మొదలైనవాళ్లు, మొదటి కౌంట్ 20,000 పైన ఉన్నవాళ్లు, ఏఎన్ఏ అనే యాంటీబాడీ పరీక్షలో పాజిటివ్ వచ్చినవాళ్లు దీర్ఘకాలికం వైపు వెళ్లే అవకాశం ఎక్కువ.

కౌంట్ ఎంత తక్కువైతే ఇంట్లోవాళ్లకు భయం అంత ఎక్కువ. కానీ 4,000తో ఒక్కసారిగా బయటపడ్డ ఈ నాలుగేళ్ల పిల్లాడు, 40,000తో నెలల తరబడి మచ్చలు పడుతూ వచ్చిన పన్నెండేళ్ల అమ్మాయి కంటే ముందు కోలుకునే అవకాశమే ఎక్కువ. ఈ రోజు రక్తం కారే ముప్పు ఎంత అన్నది ఒక ప్రశ్న. వచ్చే ఏడాదికి జబ్బు మిగులుతుందా అన్నది వేరే ప్రశ్న. రెండిటికీ ఒకే అంకెలో జవాబు వెతకడం వల్లే సగం కంగారు. తెనాలి అమ్మాయికి ఇదే చెప్పాను. తలకు దెబ్బ తగలకుండా చూసుకోమని, జ్వరమొస్తే బ్రూఫెన్, ఆస్ప్రిన్ లాంటివి ఇవ్వొద్దని, ఆగకుండా రక్తం కారినా, విపరీతమైన తలనొప్పి, వాంతులు, మత్తు కనిపించినా అర్ధరాత్రైనా ఆస్పత్రికి పరిగెత్తమని వాళ్ల డాక్టర్ చెప్పిన మాటలే మళ్లీ చెప్పాను.

ముందే ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసి నరానికి ఎక్కించే యాంటీబాడీలు) ఎక్కిస్తే జబ్బు ముదరకుండా ఆపొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. 2018లో ఫలితాలు వెలువడిన ‘టికీ’ అనే డచ్చి ప్రయోగం 206 మంది పిల్లల్లో సరిగ్గా ఈ ప్రశ్నే పరీక్షించింది. ఊరికే గమనిస్తూ వచ్చిన పిల్లల్లో 18.6 శాతం మందికి, ఐవీఐజీ ఎక్కించినవాళ్లలో 10 శాతం మందికి ఏడాది తర్వాత కూడా జబ్బు మిగిలింది. అంకెలు చూస్తే పెద్ద తేడా ఉన్నట్టే ఉంటుంది. కానీ ఇంతమంది పిల్లల్లో అలాంటి తేడా యాదృచ్ఛికంగా కూడా రావచ్చు, అందుకే పరిశోధకులు తేడా రుజువైందని అనలేదు. మా క్లాసులో పిల్లలకు ఇదే చెప్తాను: ఇలాంటి ఫలితాన్ని ‘పనిచేయదు’ అని చదవకూడదు, ‘పనిచేస్తుంది’ అనీ చదవకూడదు. ఎక్కించినవాళ్లలో తీవ్రమైన రక్తస్రావాలు తగ్గడం మాత్రం నిజం. కాబట్టి రక్తం కారుతున్న బిడ్డకు ఎక్కించాలి. రిపోర్టులో అంకె చూసి తల్లిదండ్రులు హడలిపోయారని ఎక్కించక్కర్లేదు. అమెరికా హెమటాలజీ (రక్తవ్యాధుల) సొసైటీ 2019 మార్గదర్శకాలు కూడా, రక్తస్రావం లేని లేదా స్వల్పంగా ఉన్న పిల్లలను మందు లేకుండా గమనించమనే చెప్తున్నాయి. పిల్లల ఐటీపీలో అంచనాల వల్ల జరిగిన పెద్ద మేలు ఇదే. అనవసరంగా మందు ఇవ్వకుండా ఉండే ధైర్యం డాక్టర్లకు వచ్చింది.

పెద్దవాళ్లకు అంత అదృష్టం లేదు. పెద్దల్లో సగం కంటే ఎక్కువ మందికి జబ్బు ఏడాది దాటి నిలబడుతుంది. క్లినిక్‌లో కూర్చొని లెక్కవేసి చెప్పగలిగే నమ్మకమైన స్కోరు వాళ్లకు లేదు.

నాకు వచ్చినప్పుడు స్టెరాయిడ్ మొదలుపెట్టారు. పెద్దలకు మొదటి మందు అదే, దాన్ని తప్పుపట్టను. వారం తిరిగేసరికి కౌంట్ లక్ష దాటింది. ఇంట్లో పండగ చేసుకున్నాం. డోసు తగ్గిస్తే పడింది. పెంచితే లేచింది. తగ్గిస్తే మళ్లీ పడింది. ఇలా నెలలకు నెలలు గడిచాయి. ముఖం ఉబ్బిపోయింది. షుగర్ వచ్చింది. రాత్రిళ్లు నిద్ర లేదు, పగలంతా చిన్నదానికీ పెద్దదానికీ ఏడుపు, కోపం. బోర్డు దగ్గర నిలబడితే తొడలు వణికేవి. వెళ్లిన ప్రతిసారీ ఒకటే మాట: “ఇంకో నెల వాడి చూద్దామమ్మా.” ఆ చూడటానికి ముగింపు ఎక్కడో ఒక్కరూ చెప్పలేదు.

ముగింపు ఎక్కడో అంతర్జాతీయ నిపుణులు రాసే పెట్టారు. 2019 ఏకాభిప్రాయ నివేదిక ప్రకారం ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ పూర్తి డోసు రెండు వారాలు, మహా అయితే మూడు వారాలు. రెండు వారాలకూ స్పందన లేకపోతే వారంలో తగ్గించి ఆపేయాలి. స్పందించినా సరే, ఆరు వారాలకల్లా, మరీ కుదరకపోతే ఎనిమిది వారాలకల్లా పూర్తిగా మానేయాలి. మానితే కౌంట్ నిలబడనివాళ్లకు ఆ మందు సరిపడలేదని అర్థం, వేరే దారికి మళ్లాలి. నాలాగా ఏడాదిగా స్టెరాయిడ్ మీద ఉన్నామని చెప్పే రోగులు ఇప్పటికీ నాకు ఫోన్లలో తగులుతూనే ఉన్నారు. విన్న ప్రతిసారీ నాకు బాధ కంటే కోపం ఎక్కువ వస్తుంది.

అసలు ముందుగా చెప్పడం ఎందుకింత కష్టం? ఈ జబ్బు చరిత్రలోనే దానికి జవాబుంది. 1916లో ప్రేగ్‌లో పాల్ కాజ్నెల్సన్ అనే వైద్య విద్యార్థి, ప్లేట్‌లెట్లను ప్లీహం (స్ప్లీన్) నాశనం చేస్తోందేమో, దాన్ని తీసేసి చూద్దామని తన ప్రొఫెసర్‌ని ఒప్పించాడు. ఆపరేషన్ చేశారు, రోగికి తగ్గింది. 1950లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో విలియం హారింగ్టన్ అనే యువ డాక్టర్ ఐటీపీ రోగి రక్తాన్ని తన ఒంట్లోకే ఎక్కించుకున్నాడు. గంటల్లో అతని ప్లేట్‌లెట్లు దాదాపు అడుగంటాయి, ఫిట్స్ వచ్చింది, కోలుకోవడానికి రోజులు పట్టింది. జబ్బును మోసేది రక్తంలోని ఏదో పదార్థమేనని అలా తేలింది. అది యాంటీబాడీ అని తర్వాత తెలిసింది. ఆ తర్వాత ఇలాగే రోగుల ప్లాస్మా ఎక్కించుకున్న వాలంటీర్లలో కొందరికి కౌంట్ పడనేలేదు. అంటే అందరి ఐటీపీ ఒక్కటి కాదన్న సూచన ఆనాడే దొరికింది. కొందరిలో యాంటీబాడీలు, కొందరిలో టీ కణాలు అనే ఒక రకం తెల్లకణాలు నేరుగా చేసే దాడి, కొందరిలో ఎముక మూలుగలో తయారీయే కుంటుపడటం. చాలామందిలో ఇవన్నీ తలా కొంత. ఒకే పేరు కింద ఇన్ని జబ్బులుంటే ఒకే మందుకు అందరూ ఒకేలా స్పందించాలని ఎలా అనుకుంటాం?

ఈ తేడాలను పట్టుకునే పరీక్షల కోసం ప్రయత్నాలు బాగానే జరుగుతున్నాయి. టొరంటోలో హేయు నీ బృందం 2015లో ఒక ముఖ్యమైన సంగతి బయటపెట్టింది. జీపీ-1బీ అనే ప్రోటీన్ మీద పడే యాంటీబాడీలు ప్లేట్‌లెట్ పైనున్న చక్కెర పూతను ఊడగొడతాయి, అలాంటి ప్లేట్‌లెట్లను ప్లీహం కాకుండా కాలేయం లాగేసుకుంటుంది. ఇలాంటి రోగులకు ఐవీఐజీ సరిగా పనిచేయకపోవచ్చని కొన్ని అధ్యయనాలు అంటే, అలాంటి తేడా లేదని కొన్ని అన్నాయి. పైగా యాంటీబాడీ పరీక్షలు ఐటీపీ రోగుల్లో సగం మందికి అటూ ఇటూగానే పాజిటివ్ వస్తాయి. ప్లేట్‌లెట్ల తయారీని పెంచే థ్రాంబోపోయిటిన్ అనే హార్మోన్ రక్తంలో తక్కువగా ఉన్నవాళ్లకు, ఆ హార్మోన్ పనినే చేసే ఎల్ట్రాంబోపాగ్, రొమిప్లోస్టిమ్ అనే మందులు బాగా పనిచేస్తాయన్న ఆధారం ఉంది. అది మాత్రం నాకు ఆశ కలిగించే దారి. ప్లీహం ఆపరేషన్ సంగతి తీసుకుంటే, 2004లో అప్పటిదాకా దశాబ్దాలుగా పోగైన అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలో మూడింట రెండు వంతుల మందికి కౌంట్ పూర్తిగా మామూలైంది. ఎవరికి పనిచేస్తుందో సూచించే లక్షణాల్లో నిలకడగా కనిపించింది వయసు ఒక్కటే, చిన్నవాళ్లకు ఎక్కువ. కానీ ఏ వయసు దగ్గర గీత గీసినా, గీతకు ఇటు ఫలితం రానివాళ్లూ, అటు ఫలితం వచ్చినవాళ్లూ బోలెడుమంది.

నా సబ్జెక్టు కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను. రెండు గుంపుల సగటుల మధ్య తేడా ఉండటం ఒక సంగతి. ఒక మనిషి ఏ గుంపులో పడతాడో చెప్పగలగడం పూర్తిగా వేరే సంగతి. పరిశోధన పత్రాల్లో ‘దీనికీ దానికీ సంబంధం ఉంది’ అని వచ్చే వాక్యాల్లో ఎక్కువ భాగం మొదటి రకానివి. జిల్లాలో ఈసారి వానలు బాగా పడతాయని వాతావరణ శాఖ చెప్పిన మాట నిజమే కావచ్చు, మా మామయ్య చేను మీద మబ్బు కురుస్తుందో దాటిపోతుందో అందులో ఉండదు. పదిమందిలో ఆరుగురికి పనిచేసే మందు మీ పాపకు పనిచేస్తుందా అంటే, వాడి చూస్తే గానీ తెలియదనేదే ఇవాళ్టికి నిజాయితీగల జవాబు.

అయితే వాడి చూడటాన్ని కూడా పద్ధతిగా చేయొచ్చు. ఇవాళ మన చేతిలో ఉన్న మంచి సూచిక, మొదటి మందుకు ఒళ్లు ఎలా స్పందించిందన్నదే. హాంకాంగ్ డాక్టర్లు 2003లో 125 మంది పెద్దలకు నాలుగు రోజుల పాటు రోజుకు 40 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చారు. 106 మందికి కౌంట్ బాగా పెరిగింది. వాళ్లలో సరిగ్గా సగం మందికి నిలబడింది, మిగతా సగం మందికి ఆరు నెలల్లో మళ్లీ పడింది. ఎవరికి పడిందో వెనక్కి చూస్తే, పదో రోజు కౌంట్ 90,000 కంటే తక్కువ ఉన్నవాళ్లకు ఆ ముప్పు ఎక్కువ. ఇందుకు ఖరీదైన జన్యు పరీక్ష అక్కర్లేదు. మండల కేంద్రంలోని ల్యాబ్‌లో కూడా చేసే సీబీపీ చాలు, కాకపోతే సరైన రోజున చేయించాలి.

ప్రతి మందుకూ దాని టైమ్ దానికుంది. ఐవీఐజీ ఒకటి నుంచి నాలుగు రోజుల్లో పని చూపిస్తుంది. ఎల్ట్రాంబోపాగ్ ఒకటి రెండు వారాల్లో మొదలవుతుంది. డాప్సోన్ మూడు వారాల దగ్గర, రిటుక్సిమాబ్ ఒకటి నుంచి ఎనిమిది వారాల్లో. అజాథయోప్రిన్ మెల్లని మందు, దానికి ఒకటి నుంచి మూడు నెలలు ఇవ్వాలి. ఇవి తెలియక కొందరు అజాథయోప్రిన్‌ని పదిహేను రోజులకే ‘పనిచేయలేదు’ అని మానేస్తారు, స్టెరాయిడ్‌ని ఏడాది పాటు ‘చూద్దాం’ అని మింగుతారు. గడువు మందుని బట్టి ఉండాలి, డాక్టర్ మూడ్‌ని బట్టో, రోగి కంగారుని బట్టో కాదు.

నాకు తర్వాత దొరికిన హెమటాలజిస్ట్ మొదటి విజిట్‌లోనే ప్రిస్క్రిప్షన్ మీద తేదీ రాసిచ్చారు. “ఈ మాత్ర మీకు పనిచేస్తుందో లేదో నేను చెప్పలేనమ్మా. ఎక్కువమందికి చేస్తుంది. ఈ తేదీకి ముప్పై వేలు దాటకపోతే ఇంకోటి చూద్దాం. మీకు ఇంకా దారులున్నాయి” అన్నారు. జబ్బు వచ్చాక నాకు నిజంగా ధైర్యం వచ్చింది ఆ రోజే. ‘తగ్గిపోతుంది, టెన్షన్ పడకండి’ అన్నవాళ్ల దగ్గర రాని ధైర్యం, ‘చెప్పలేను’ అన్న మనిషి దగ్గర వచ్చింది.

ఇలా చెప్తే రోగులు బెదిరిపోతారని, వేరే ఆస్పత్రికో పసరు మందుకో వెళ్లిపోతారని కొందరు డాక్టర్లు అంటారు. అందులో కొంత నిజం ఉంది. పది నిమిషాలు కూడా లేని ఓపీలో ఇదంతా వివరించడం కష్టమని కూడా ఒప్పుకుంటాను. కానీ చెప్పకపోతే వెళ్లరా? ముందు ‘తగ్గిపోతుంది’ అని విని, తర్వాత కౌంట్ పడినప్పుడు మోసపోయామనుకొని వెళ్లేవాళ్లే నాకు ఎక్కువ కనిపించారు. పసరు వేయించుకున్న వారంలోనే కౌంట్ దానంతట అది పెరిగితే ఇక ఆ నమ్మకాన్ని ఎవరూ కదిలించలేరు. జబ్బు ఎత్తుపల్లాలుగా నడుస్తుందని మొదటి రోజే తెలిసినవాళ్లు అలా తేలిగ్గా పడిపోరు.

గడువు తేదీ వచ్చినప్పుడు తీర్పు కూడా జాగ్రత్తగా ఇవ్వాలి. స్పందన అంటే కౌంట్ కనీసం 30,000కి చేరి, మొదట ఉన్నదానికి రెండింతలైనా కావాలని, అది కనీసం వారం తేడాతో రెండుసార్లు కనిపించాలని 2009 నిర్వచనం. ఒక్క రిపోర్టు చూసి పండగా వద్దు, ఏడుపూ వద్దు. కొందరి రక్తం పరీక్ష ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ అనే రసాయనం వల్ల గుంపులు కట్టి, ఉన్న ప్లేట్‌లెట్లను మెషిన్ లెక్కపెట్టలేకపోతుంది. స్మియర్ వేసి, అంటే గాజుపలక మీద రక్తాన్ని పరిచి మైక్రోస్కోప్ కింద కంటితో చూస్తేనే అది బయటపడుతుంది. ఇక ఎల్ట్రాంబోపాగ్ వేసుకునేవాళ్లు మన ఇళ్లలో తప్పక తెలుసుకోవాల్సింది పెరుగు సంగతి. పాలు, పెరుగు, క్యాల్షియం మాత్రలు, ఐరన్ మాత్రలు ఆ మందును కడుపులోనే పట్టేసి రక్తంలోకి వెళ్లనివ్వవు. మాత్రకు ముందు నాలుగు గంటలు, తర్వాత రెండు గంటలు అవి తగలకూడదు. రాత్రి పెరుగన్నం తిన్న వెంటనే మాత్ర వేసుకునే ఒక పెద్దాయనకు మందు పనిచేయడం లేదని ఆపరేషన్ దాకా మాటలు వెళ్లాయి. టైమ్ మార్చాక కౌంట్ పెరిగింది. మందు ఓడిపోయిందని రాసే ముందు దాన్ని సరిగ్గా వేసుకున్నామా అని ఒక్కసారి అడిగితే చాలు.

మందు పనిచేసిందని ఎవరి కొలతతో అనాలి అన్నది కూడా నాకు ముఖ్యమే. 2021లో బ్రిటన్‌లో ‘ఫ్లైట్’ అనే ప్రయోగం వచ్చింది. 120 మంది కొత్త రోగుల్లో కొందరికి స్టెరాయిడ్ ఒక్కటే, మిగతావాళ్లకు దానితో పాటు మైకోఫినొలేట్ అనే మందు ఇచ్చారు. రెండూ కలిపి ఇచ్చినవాళ్లలో చికిత్స విఫలమైంది 22 శాతం మందికి, స్టెరాయిడ్ ఒక్కటే తీసుకున్నవాళ్లలో 44 శాతం మందికి. సగానికి సగం తగ్గింది. కానీ జీవితం ఎలా ఉందని రోగులనే అడిగితే, కౌంట్ బాగా వచ్చిన ఆ గుంపువాళ్లే నీరసం ఎక్కువని, రోజువారీ పనులు కష్టమని చెప్పారు. ఐటీపీలో నీరసం మామూలు నీరసం కాదు, పొద్దున లేస్తూనే ఒళ్లంతా బరువెక్కి ఉంటుంది. కౌంట్ లక్ష ఉన్నా అది ఉండొచ్చు. ఎవరి కౌంట్ పెరుగుతుందో ఊహించే మోడళ్లు తయారు చేసేవాళ్లు, ఎవరు మళ్లీ మామూలుగా పనికి వెళ్లగలరో కూడా ఊహించాలని నా కోరిక.

మందు ఎప్పుడు మానొచ్చు అన్నది ఇంకో ప్రశ్న. ఎల్ట్రాంబోపాగ్, రొమిప్లోస్టిమ్ 2008లో అమెరికాలో అనుమతి పొందినప్పుడు జీవితాంతం వాడాల్సిందే అనుకున్నారు. ఫ్రాన్స్‌లో ఈ మందుల మీద కౌంట్ లక్ష దాటి నిలకడగా ఉన్న 48 మందికి మెల్లగా తగ్గించి ఆపేశారు. ఆరు నెలల తర్వాత కూడా సగానికి పైగా మందికి మందు లేకుండానే కౌంట్ నిలిచింది. ఎవరికి నిలుస్తుందో ముందుగా చెప్పే లక్షణం మాత్రం అందులోనూ దొరకలేదు. ఇక్కడా దారి అదే: మంచి సమయం చూసుకొని, డాక్టర్ పర్యవేక్షణలో తగ్గించి, ఏ రోజున పరీక్ష, ఎంతకు పడితే మళ్లీ మొదలు అన్నది ముందే రాసుకోవడం.

నేను చెప్పిన అంకెల్లో మన దేశానివి ఒక్కటీ లేవు. అది నన్ను చాలా ఇబ్బంది పెడుతుంది. కడుపులో ఉండే హెలికోబ్యాక్టర్ పైలోరీని యాంటీబయాటిక్స్‌తో తొలగిస్తే కొందరికి ప్లేట్‌లెట్లు పెరుగుతాయని 1998లో ఇటలీ నుంచి మొదట వార్త వచ్చింది. ఇటలీ, జపాన్‌లలో అది చాలామందికి పనిచేసింది, అమెరికాలో అంతగా పనిచేయలేదు. అదే జబ్బు, అదే చికిత్స, ఊరు మారితే ఫలితం మారింది. ఈ సూక్ష్మజీవి మన దగ్గర చాలా సామాన్యం. అలాగే కుష్ఠు వ్యాధికి వాడే డాప్సోన్‌ని మన హెమటాలజిస్టులు ఐటీపీకి వాడుతుంటారు, అది అతి చౌక. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం లేదని పరీక్ష చేసి ఇస్తారు. పెద్దవాళ్లకు ఒక్కసారి ఐవీఐజీ ఎక్కిస్తే బిల్లు లక్ష దాటడం మామూలైన చోట, డాప్సోన్ ఎవరికి పనిచేస్తుందో ముందుగా చెప్పగలిగితే ఎన్ని కుటుంబాలు అప్పుల నుంచి తప్పించుకుంటాయో! ఆ పరిశోధన పెద్ద మందుల కంపెనీలేవీ చేయవు, వాటికి అందులో లాభం లేదు. మన ప్రభుత్వ ఆస్పత్రులే చేయాలి. ప్రతి రోగి మొదటి కౌంట్, ఇచ్చిన మందు, పదో రోజు కౌంట్, ఏడాది తర్వాత పరిస్థితి ఒకే పద్ధతిలో నమోదు చేయడంతో అది మొదలవుతుంది.

ఆడపిల్లలున్న ఇళ్లలో మందుల కంటే పెద్ద బెంగ ఇంకోటి. సంబంధాలు చూసేటప్పుడు చెప్పాలా వద్దా, పిల్లలు పుడతారా, పుడితే బిడ్డకూ వస్తుందా అని గుసగుసగా అడుగుతారు. చెప్పే పెళ్లి చేయండని నేనంటాను. దాచి పెళ్లి చేస్తే ఆ పిల్ల మాత్రలు కూడా దాచుకొని మింగాలి. ఐటీపీ ఉన్న ఆడవాళ్లలో ఎక్కువమంది హెమటాలజిస్ట్, గైనకాలజిస్ట్ కలిసి చూసుకుంటే క్షేమంగానే కంటారు. తల్లి యాంటీబాడీలు మాయ దాటి బిడ్డకు చేరతాయి కాబట్టి, సుమారు పదిమంది బిడ్డల్లో ఒకరికి కౌంట్ 50,000 కంటే తగ్గొచ్చు. అది పుట్టిన రెండు నుంచి ఐదు రోజుల మధ్య ఇంకా పడుతుంది, తర్వాత కోలుకుంటుంది. అందుకే కాన్పైన మర్నాడే డిశ్చార్జి అడగకూడదు. బిడ్డ కౌంట్ ఎలా ఉంటుందో తల్లి కౌంట్‌ని బట్టి నమ్మకంగా చెప్పలేరు. ఉన్నంతలో బాగా చెప్పేది మొదటి బిడ్డ కౌంట్: పెద్దబిడ్డకు పుట్టినప్పుడు పడితే, రెండో బిడ్డకూ పడే అవకాశం ఎక్కువ. ఆ రిపోర్టు మన ఇళ్లలో ఎక్కడుంటుంది? డిశ్చార్జి రోజున ఆస్పత్రి వాళ్లిచ్చిన సంచిలో బిల్లులతో పాటు ఎటో పోతుంది. ఐటీపీ ఉండి కాన్పైన ప్రతి తల్లీ, పుట్టిన బిడ్డకు మొదటి వారంలో చేసిన సీబీపీలన్నీ అడిగి తీసుకొని తన ఫైల్లో పెట్టుకోవాలి. రెండో కాన్పుకు డాక్టర్ అడిగే మొదటి కాగితాల్లో అదొకటి.